ఇల్లు లేని మామ్మకు ఇంటి దగ్గర పింఛను

నిన్న, డిసెంబరు 31న, మామ్మకు పింఛను అందింది. చిరాకు చల్లారకముందే రాసేస్తున్నాను.

విజయవాడ వన్‌టౌన్‌లో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. రాత్రి షట్టర్ దించాక ఆ మెట్ల మీద ఒక మామ్మ పడుకుంటుంది. డెబ్బై దాటాయి. నాలుగేళ్ళుగా అక్కడే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కృష్ణలో మునిగొస్తుంది, అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు టిఫిన్ తింటుంది. ఆదివారం క్యాంటీన్ ఉండదు కాబట్టి ఆ పూట నా బాక్సులో వాటా.

మొదట్లో నేనూ అందరిలాగే ఆమెను ఎక్కడో ఒకచోట చేర్పించాలని చూశాను. పెద్దవాళ్ళ కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. ఇల్లు లేనివాళ్ళు రాత్రిళ్ళు పడుకునే బసలో దింపి వచ్చాను. మూడో రోజు నేను షాపు తీసేసరికి మూటతో సహా మెట్ల మీదుంది. "నాలుగింటికి గేటు తియ్యరంట. తాళమేసిన చోట నిద్రేం పడుతుందే అమ్మాయ్" అంది. ఇక ఆ ప్రయత్నం మానేశాను.

ఆమె పింఛను బందరు వైపు సొంతూళ్ళో ఉంది. వేలిముద్ర వేయించి నాలుగు వేలూ కొడుకు అక్కడికక్కడే లాక్కునేవాడట. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినా, డబ్బులు చేతికి రాని చోటికి ఎందుకెళ్తుంది? నవంబరు, డిసెంబరు మానేసింది. వరసగా మూడో నెల కూడా తీసుకోకపోతే వలస పోయిందని రాసి ఆపేస్తారు. అందుకే ఇక్కడికి మార్పిద్దామని బయల్దేరాను.

ఆధార్ మూటలోనే భద్రంగా ఉంది. పింఛను ఐడీ ఊరికి ఫోన్ చేస్తే ఒక్క పూటలో దొరికింది.

ఇక వార్డు సచివాలయం. ఏ వార్డుదో చెప్పను, రేపు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. మొదటిసారి సర్వర్ లేదన్నారు. రెండోసారి మనిషి లేరు. మూడోసారి మామ్మను ఆటోలో తీసుకెళ్ళాను.

"డోర్ నంబరు?"

"రోడ్డు మీద ఉంటుందండీ."

"రోడ్డుకి డోర్ నంబరు ఉండదు మేడం." వెనకున్న వాళ్ళు నవ్వారు.

"మరి మీరేమవుతారు ఈవిడకి?"

"ఏమీ కాను."

కౌంటర్‌లో ఉన్నావిడ పెన్ను కింద పెట్టింది. "ఏమీ కాని మనిషి ఇన్నిసార్లు ఊరికే తిరుగుతుందా? ఇట్లా ముసలోళ్ళని తెచ్చి పింఛన్లు తినేవాళ్ళని బోలెడు మందిని చూశాం."

చెవులు వేడెక్కిపోయాయి. పద్దెనిమిదేళ్ళుగా షాపు నడుపుతున్నాను, ఒక్కరి జాకెట్టు ముక్క దాచుకోలేదు. క్యూలో నా కస్టమర్లే ఇద్దరున్నారు, ఇద్దరూ ఫోన్లలోకి చూసుకుంటున్నారు. సాయం వస్తుందేమోనని మామ్మ వైపు తిరిగాను. కింద కూర్చుని తాపీగా, "అవును, ఇదేం నా బంధువు కాదు. దీని మెట్ల మీద పడుకుంటా, అంతే" అంది. నిజమే. కానీ అప్పుడా చెప్పేది!

ఆ మేడం జాకెట్టుకి భుజం దగ్గర ముడత ఉంది. నేను కుడితే అలా రాదు.

చివరికి నా షాపు డోర్ నంబరే రాయించాను. రాసింది. ఆ మాత్రం దానికి అంత మందిలో పరువు తియ్యాలా?

మీరెవరైనా ఇలాంటి పని మీద వెళ్తే, ఏమవుతారని అడగగానే మనవరాలినని చెప్పెయ్యండి. అబద్ధమైనా సరే. అప్లికేషన్ నంబరు రాయించుకోకుండా కదలకండి. చలికాలం దుప్పట్లు పంచి ఫొటోలు దిగేవాళ్ళకి కూడా ఒక మాట: మామ్మ దగ్గర దుప్పట్లు ఐదున్నాయి, మూట మొయ్యలేక చస్తోంది. ఈసారి దుప్పటి బదులు ఎవరైనా ఒక పూట వచ్చి ఆ క్యూలో నిలబడండి.

జనవరి 1 కొత్త సంవత్సరమని పింఛను నిన్ననే షాపుకి తెచ్చారు. వేళ్ళు అరిగిపోయి మిషన్ మూడుసార్లు ఒప్పుకోలేదు, మొహం ఫొటోతో అయింది. పాత ఎనిమిది వేల సంగతి అడిగితే కనుక్కుంటాం అన్నారు. కనుక్కుంటున్నారు.

మామ్మ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. అందులోంచి రెండు వందలు తీసి నా మిషన్ మీద పెట్టింది. "ఆటోలకి, జిరాక్సులకి."

వద్దన్నాను.

"తీసుకుని పుస్తకంలో రాసుకో. రేపు ఆ సచివాలయం పిల్ల అడిగితే లెక్క ఉండాలి కదా" అంది.

కొలతల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను.