మా ఇంట్లో ఓడిపోయే జట్టు

ఉగాది ప్రోగ్రామ్‌లో కోలాటం వేయనని మా అమ్మాయి తేల్చి చెప్పేసింది. ఆ శనివారం హోమ్ గేమ్ ఉందట. దేని గేమ్ అనుకున్నారు? మా ఊరి యూనివర్సిటీ బేస్‌బాల్. ఒహాయోలో పుట్టిన పిల్లకి ఫుట్‌బాల్ పిచ్చి పట్టిందంటే సరే, ఊరంతా పట్టిన పిచ్చే అది. పోనీ బేస్‌బాలే కావాలన్నా క్లీవ్‌లాండ్ ఉంది, సిన్సినాటి ఉంది, డబ్బులు తీసుకుని ఆడే పెద్ద జట్లు. ఇది ఏరి కోరి పట్టుకున్నది కాలేజీ జట్టుని, అందులోనూ ఫిబ్రవరి నుంచి పద్నాలుగు ఆడి రెండు గెలిచిన జట్టుని. పేరు రాయను. ఆ కుర్రాళ్ళు ఇప్పటికే పడుతున్నది చాలు.

"ఓడిపోయేవాళ్ళ కోసం పండగ మానేస్తావా?" అన్నాను.

"గెలిచేవాళ్ళయితే మానేయొచ్చా?" అంది.

పదకొండేళ్ళ పిల్ల. నా దగ్గర జవాబు ఉంది కానీ బయటికి చెప్పేది కాదు. మానేయొచ్చు. నిరుడు సంక్రాంతికి అందరూ ఒకచోట చేరితే, మేము మాత్రం లెక్కల పోటీ ఉందని దాన్ని తీసుకుని ఇంకో ఊరు వెళ్ళాం. అప్పుడు సంస్కృతి గుర్తు రాలేదు నాకు. చివరికి ఆ శనివారం మా ఆయన దానితో గ్రౌండ్‌కి వెళ్ళారు, నేను ఒక్కదాన్నే పులిహోర గిన్నె పట్టుకుని ఉగాదికి వెళ్ళాను. "పాప రాలేదేం?" అని అడిగిన ప్రతివాళ్ళకీ జలుబని చెప్పాను.

ఇంతకీ ఆ ఓటముల కథ కొంచెం చెప్పాలి. కాలేజీ బేస్‌బాల్ ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. అప్పటికి మా దగ్గర మంచు కరగదు. అందుకని ఉత్తరాది జట్లన్నీ మొదటి మూడు నాలుగు వారాలు బ్యాగులు సర్దుకుని ఫ్లోరిడా, కరోలినాలు, టెక్సాస్ పోయి ఆడతాయి. అక్కడి జట్లు జనవరిలో కూడా బయట ఎండలో ప్రాక్టీస్ చేసుకుంటాయి, మనవాళ్ళు హాల్లో కప్పు కింద. నెలల తర్వాత మొదటిసారి నిజమైన ఆకాశంలోకి బంతి లేస్తే ఎక్కడ దిగుతుందో అందదు. మొదటి వారం సెంటర్ ఫీల్డర్ రెండు సులువైన క్యాచ్‌లు వదిలాడు. నేను నవ్వాను. ఇది మాత్రం, "నీకు తెలీదమ్మా, ఎండ" అని వాడి తరఫున వకాల్తా పుచ్చుకుంది.

శుక్ర, శని, ఆదివారాలు ఒకే జట్టుతో మూడు మ్యాచ్‌లు. మంచి పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, శుక్రవారం వేస్తాడు, తర్వాతివాడు శనివారం. ఆదివారానికి ఎవడి భుజం మిగిలితే వాడు. మా జట్టుకి ఆదివారాలు అచ్చిరావు. బౌలింగ్ మార్చిన కొద్దీ వైడ్లు పెరిగినట్టు, పిచర్ని మార్చిన కొద్దీ వాక్‌లు. నాలుగు బాల్స్, అంటే నాలుగు తప్పుడు బంతులు పడితే, బ్యాటర్‌కి ఉత్తినే ఫస్ట్ బేస్. మళ్ళీ నాలుగు బాల్స్. ఒక ఆదివారం పది పరుగుల తేడా వచ్చేసి ఏడో ఇన్నింగ్స్‌కే ముగించేశారు. హమ్మయ్య, టీవీ కట్టేయొచ్చు అనుకున్నాను నేను. ఇంకో రెండు ఇన్నింగ్స్ ఆడనివ్వలేదని దీనికి కోపం.

మ్యాచ్ చూస్తూ స్కోరు పుస్తకం రాస్తుంది. పిచర్ ఒకటి, క్యాచర్ రెండు, షార్ట్‌స్టాప్ ఆరు, ఇలా ప్రతి స్థానానికీ ఒక అంకె. 6-4-3 అని రాస్తే షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌మన్‌కి, అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్‌కి బంతి వెళ్ళి ఇద్దరు అవుటయ్యారని. అది ఓపిగ్గా నేర్పితే నేనూ నేర్చుకున్నాను. కానీ నా కళ్ళు ఇంకోచోట తిరుగుతాయి. జట్టు వెబ్‌సైట్‌లో ఒక్కో ఆటగాడి ఎత్తు, సొంత ఊరు, చదివే మేజర్ రాసి ఉంటాయి. నేను చూసేది మేజరే. షార్ట్‌స్టాప్ మెకానికల్ ఇంజినీరింగ్ అని తెలిసిన రోజు నుంచి అతనంటే నాకు గౌరవం. తెలుగు ఇంటిపేరు ఉందేమోనని కూడా వెతికాను. లేదు. అప్పుడు రింకూ సింగ్ (క్రికెటర్ కాదు, ఇంకొకతను), దినేశ్ పటేల్ కథ చెప్పాను: జావెలిన్ విసిరే కుర్రాళ్ళు, బేస్‌బాల్ అంటే ఏంటో తెలియకుండా బంతి విసిరే ఒక పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచి 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే పెద్ద జట్టుతో సంతకం పెట్టారని. అంతా విని, "వాళ్ళు మన టీమ్‌లో లేరుగా" అంది.

మా ఆయనకీ ఒక కథ ఉంది. 2008 ఐపీఎల్‌లో దక్కన్ చార్జర్స్ అట్టడుగున మిగిలింది, 2009లో కప్పు కొట్టింది, చూశావా. ఈయనే 2021లో సన్‌రైజర్స్ ఆఖరి స్థానానికి జారుతుంటే సగం సీజన్లో చూడ్డం మానేసి, ఫోన్లో గ్రూప్ కూడా మ్యూట్ చేశారు. ఆ సంగతి పిల్లకి నేనే చెప్పాను. ఇంట్లో ఒకళ్ళ పరువైనా తీయాలిగా.

నేను పెరిగింది ర్యాంకుల మధ్య. ఇంటర్‌లో వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మారడం. ఒక్క వారం జారితే కింది సెక్షన్‌కి పుస్తకాలు మోసుకుంటూ నడవాలి, పాత స్నేహితులు తలుపులోంచి చూస్తుండగా. ఎంసెట్ అయ్యాక పేపర్లో ఫొటోలు పడ్డవాళ్ళే మనుషులు, మిగతావాళ్ళం ప్రింటు ఖర్చు దండగ. అక్కడి నుంచి వచ్చినదాన్ని, రెండు గెలుపులు పన్నెండు ఓటములు ఉన్న జట్టు టోపీ పెట్టుకుని స్కూలుకి వెళ్ళే పిల్లని చూస్తే లోపల ఏదో గుచ్చుతుంది. మెచ్చుకోలో భయమో తేల్చుకోలేను.

మొదట్లో నాకో ఉపాయం తట్టింది: దీన్ని పాఠంగా మార్చేద్దామని. "చూశావా, ఓడినా పట్టు వదలట్లేదు, నువ్వూ లెక్కల్లో అలాగే..." వాక్యం పూర్తి కాలేదు. "అమ్మా, ప్లీజ్. దీన్ని కూడా హోంవర్క్ చేసేయకు" అంది. సరేనన్నాను. పది రోజులు కూడా ఆగలేదు. స్కోరు ఇంత బాగా రాస్తున్నావు కదా, ఆ అంకెలన్నీ స్ప్రెడ్‌షీట్లో పెట్టు, స్పోర్ట్స్ అనలిటిక్స్ అని ఒక కోర్సు కూడా ఉంది, రేపు కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుంది అన్నాను. అది పుస్తకం మూసేసింది. తర్వాతి రెండు మ్యాచ్‌లకీ తెరవలేదు. ఉత్తినే కూర్చుని చూసింది. నేను కూడా పక్కన కూర్చున్నాను, నోరు మూసుకుని. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో మా అమ్మనడగండి.

అమ్మంటే గుర్తొచ్చింది, తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ మనవరాల్ని అడిగేది ఒకటే: "ఇవాళేమన్నా గెలిచారా మీ పిల్లలు?" లేదంటే "అయ్యో పాపం, అన్నం తిన్నారా మరి?" అంటుంది. నన్ను ర్యాంకు అడగకుండా ఏనాడూ అన్నం తిన్నావా అనలేదు ఈ మనిషి.

ఇదివరకు కొత్తగా వచ్చిన తల్లులు అడిగితే చకచకా చెప్పేదాన్ని: వారానికి ఒక తెలుగు క్లాసు, నెలకి ఒక గుడి, మిగతాది వాళ్ళిష్టం. ఇప్పుడు ఆ మిగతాది దగ్గరే నాకు తడబాటు. దీనికి నిజంగా ఆటే ఇష్టమా, లేక అమ్మకి ఏమీ తెలియని చోటు ఒకటి దొరికిందన్న ఇష్టమా? రెండోదే అయితే, నేను 6-4-3 నేర్చుకోవడం మంచిపనా?

కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, అంటే మా జట్టు ఉన్న లీగ్‌లోని కాలేజీలతో ఆడేవి, వచ్చే వారం మొదలు. ఇప్పటిదాకా ఓడినవి ఆ పట్టికలో లెక్కలోకి రావట. కాన్ఫరెన్స్ టోర్నమెంట్ నెగ్గితే నేరుగా 64 జట్ల జాతీయ పోటీలోకి, అక్కడ చివరి ఎనిమిదిలో నిలిస్తే జూన్‌లో ఆఖరి పోటీలు జరిగే ఒమాహాకి. దారి ఉందని అది గీసి చూపించింది. నేను ఒమాహాలో హోటల్ రేట్లు చూశాను, ఎందుకో.

మొన్న మంగళవారం మ్యాచ్ జరుగుతున్న సమయానికి అది లెక్కల ట్యూషన్‌లో ఉంది. నేను బయట కారులో ఫోన్లో స్కోరు చూస్తున్నాను. ఏడో ఇన్నింగ్స్‌కి మనం 4-1. అది బయటికి వచ్చేసరికి 5-6, అయిపోయింది. మధ్యలో లీడ్‌లో ఉండేవాళ్ళం అని చెప్పగానే ముఖం మాడ్చుకుంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మాత్రం ఏం లాభం, ఓడిపోయాం కదా."

"అప్పటికి ఓడిపోలేదుగా. కాసేపు హ్యాపీగా ఉండేదాన్ని."

ఫోన్లు తలుపు దగ్గర బుట్టలో పెట్టిస్తారు, నీకెలా చెప్పను అన్నాను.

"లోపలికి వచ్చి చెప్పాల్సింది" అంది.