కేబుల్ టై తోక కోయడం కూడా పనే

డీబీలో, అంటే ఇంటి కరెంటు స్విచ్‌లుండే పెట్టెలో, వైర్లన్నీ ప్లాస్టిక్ టైలతో వరసగా కట్టి, ఆఖర్న మిగిలిన టై తోకల్ని కటింగ్ ప్లయర్‌తో టకటకా తుంచేస్తారు. తర్వాత ఏ ఎంసీబీ (ట్రిప్ అయ్యే స్విచ్) మార్చడానికో అందులో చెయ్యి పెట్టినవాళ్లకు మణికట్టు నిండా గీతలు. ఆ ప్లయర్ పళ్లకు రెండువైపులా వాలు ఉంటుంది. టై తలకి, అంటే పట్టీ దూరి బిగుసుకునే గడికి, ఎంత ఆనించి కోసినా మిల్లీమీటరో, రెండో మొన మిగిలిపోతుంది. అది చర్మాన్నే కాదు, పక్క వైరు తొడుగునూ గీకుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద పీవీసీ మందం 0.7 మిల్లీమీటర్లే మరి.

కావలసింది ఫ్లష్ కటర్. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో నిప్పర్ అని అడగండి. దాని ఒక ముఖం చదునుగా, రెండోది వాలుగా ఉంటుంది. చదును ముఖమే టై తలకు ఆనాలి. తిరగేసి పట్టుకుంటే మళ్లీ మొన మిగులుతుంది. కోశాక బొటనవేలి గోరుతో తల మీద మెల్లగా రాసి చూడండి. గోరు తట్టుకుంటే ఇంకోసారి కోయాల్సిందే.

ముందు కరెంటు సంగతి. మన ఇళ్లలో మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు ఉండొచ్చు, కాబట్టి దాన్నీ ఆపాలి. మెయిన్ స్విచ్‌కి బయటినుంచి వచ్చే వైర్లలో ఎలాగూ ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. అన్నీ ఆపకముందే టెస్టర్‌ని కరెంటున్న పాయింట్‌లో పెట్టి, పనిచేస్తోందని చూసుకున్నాకే డీబీలో నమ్మండి. నిప్పర్ పిడికున్న రబ్బరు ఉన్నది చేతి పట్టు కోసమే, షాక్ ఆపడానికి కాదు.

టై తలను వైర్లకు ఎదురుగా కాక, ఖాళీ ఉన్న పక్కకి తిప్పండి. కోసేటప్పుడు తోకను రెండో చేత్తో పట్టుకోవాలి. లేకపోతే ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు, మోటార్ ప్యానెల్ అయితే కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటు కలిపి, ఆపే స్విచ్) సందులో ఇరుక్కోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోండి. చాకు, బ్లేడు అసలు వద్దు: జారితే నేరుగా వైరు మీదికే.

పాత టై తీసేటప్పుడు పట్టీకీ వైర్లకీ మధ్య కటర్ దూర్చకండి. తలనే అడ్డంగా నొక్కి చిట్లగొట్టండి, దానికి మాత్రం కటింగ్ ప్లయరే మేలు.

డాబా మీద ఏసీ వైర్లకు యూవీ తట్టుకునే నల్ల టైలే వాడండి. తెల్లవి మన ఎండకు పెళుసెక్కి విరిగిపోతాయి.

నిప్పర్ చేతిలో లేకపోతే తోకను తల దగ్గరే మామూలు ప్లయర్‌తో పట్టి, తెగేదాకా మెలి తిప్పండి. తెగినచోట మొద్దుగా ఉంటుంది, గీరుకోదు.