చీర అంచున ఉప్పు

సోమవారం. కుళాయి వచ్చే రోజు. నేను లేచేసరికే అమ్మ, విశాఖపట్నంలో కట్టుకున్న నూలు చీరను తొట్టిలో నానబెట్టింది. మూడుసార్లు జాడించినా తొట్టి అడుగున ఇసుక పేరుకుంటూనే ఉంది. అంచు పొడవునా ఉప్పు తెల్లగా, గరుకుగా చార కట్టింది. ఒక్క చీరకు మూడు బిందెల నీళ్ళు ఖర్చు పెట్టడం అమ్మ విషయంలో నేనెప్పుడూ చూడలేదు. ఈరోజు చూశాను.

అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. సముద్రాన్ని చూడటం ఇదే మొదటిసారి. మా అనంతపురానికి ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసేస్తాయి, ఈశాన్యపు వానలు మా దాకా వచ్చేసరికి చిక్కిపోతాయి. వేరుశనగ విత్తి, మబ్బు కోసం ఎదురుచూస్తూ బతికిన మనిషి ఆమె. ఆర్కే బీచ్‌లో మొదటి అల పాదాలను తాకగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి వదిలేసి, వంగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది. ముఖం చిట్లించి ఉమ్మేసింది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పాప మురీ మిక్స్చర్ కావాలని కొంగు లాగుతున్నా కదల్లేదు.

కైలాసగిరి మీద రోప్‌వే, శివపార్వతుల విగ్రహాలు, ఫోటోలు, ఎండ. అక్కడ నాకు గుర్తుండేది ఒక్కటే: బోడి గుండ్ల కొండలే తెలిసిన నా కళ్ళకు, పచ్చటి కొండ వెళ్ళి వెళ్ళి నీళ్ళలో కాలు పెట్టడం.

కుర్సురా జలాంతర్గామిని మాత్రం అమ్మ కోసమే మళ్ళీ చూడాలనిపించింది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకున్న ఓడ అది. తొంభై మీటర్లు దాటిన పొడవు, లోపల మాత్రం ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాల్సిందే. గుండ్రటి ద్వారాల్లోంచి అమ్మ ఒక్కో కాలూ మెల్లగా ఎత్తి దాటింది. వంటగది ముందు ఆగిపోయింది. మా ఇంటి పూజగదంత కూడా లేదు. "డెబ్బై అయిదు మందికి ఇక్కడే వండేవారా నాయనా? మరి స్నానాలకు నీళ్ళు?" అని గైడును అడిగింది. తాగడానికీ వంటకూ పోగా మిగిలేది తక్కువ, చాలా పొదుపుగా వాడుకునేవారు అన్నాడాయన. అమ్మ తల ఊపింది. ఆ ఇనుప గోడను ఒకసారి అరచేత్తో తడిమింది, ఇంట్లో పిల్లవాడి వీపు నిమిరినట్టు. నా గొంతు పట్టేసింది.

సింహాచలంలో స్వామి దాదాపు ఏడాది పొడవునా చందనపు పూతలోనే ఉంటాడు. మా ఇంటి దేవుడు కదిరి నరసింహుడు. అభిషేకం తర్వాత ఆయన విగ్రహానికి చెమట పడుతుందని మా వైపు అందరూ నమ్ముతారు. మెట్లు దిగుతూ అమ్మ అంది: "మన స్వామికి చెమట, ఈ స్వామికి చందనం. ఇద్దరికీ వేడే నాయనా." ఎన్నిసార్లు కదిరికి వెళ్ళానో లెక్కలేదు, నాకెప్పుడూ తట్టని మాట.

సాయంత్రం పక్కింటి అత్త వచ్చి ఏమేం చూశారని అడిగితే, అమ్మ సముద్రం గురించి రెండు ముక్కలే చెప్పింది. ఆ వంటగది గురించి మాత్రం అరగంట చెప్పింది. చీర ఇంకా దండెం మీదే ఉంది, ఆరిన అంచున ఉప్పు చార సన్నగా మిగిలే ఉంది.

పడుకోబోతూ, "అక్షయ తృతీయ నాడు ఆ స్వామి నిజరూపం చూపిస్తారట కదా" అంది. జనం విపరీతంగా ఉంటారమ్మా అన్నాను. ఉండనీ అంది. లేచి వెళ్ళి, గోడమీది క్యాలెండర్‌లో వైశాఖ శుద్ధ తదియ వెతికి పెన్నుతో సున్నా చుట్టి వచ్చాను.