మా బావ చెరువు, నా గాజు పెట్టె

మా బావకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రి కరెంటు పోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, తెల్లవారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పంటంతా పోయినట్టే, అందుకే జనరేటర్‌కి డీజిల్ పోసుకుంటూ గట్టు మీదే పడుకుంటాడు. నేను జర్మనీలో సోడియం బ్యాటరీల మీద పనిచేస్తున్నానని తెలిసినప్పటి నుంచి ఫోన్ ఎత్తగానే, "ఏరా, నీ ఉప్పు బ్యాటరీ ఎందాకా వచ్చింది?"

ఉప్పు కాదు బావా, ఉప్పులో ఉండే సోడియం. దాన్ని తగరంతో కలుపుతాం. ఇత్తడిలో రాగి, జింకు పాళ్లు కాస్త అటూ ఇటూ అయినా ఇత్తడే, ఇది అలా కాదు, పదిహేను సోడియం పరమాణువులకి నాలుగు తగరం, లెక్కగా పేర్చుకున్న స్ఫటికం. బ్యాటరీ ఛార్జి ఎక్కినప్పుడు తగరం ఇలా మారుతుంది. గ్రాము తగరం 847 మిల్లీయాంప్ అవర్ల దాకా ఛార్జి పట్టగలదు, మన ఫోన్లలోని లిథియం బ్యాటరీ గ్రాఫైట్‌కి అయితే 372.

చిక్కంతా ఉబ్బడంలో ఉంది. గుప్పెడు బియ్యం గిన్నెడు అన్నమైనట్టు తగరం ఐదింతలవుతుంది. అన్నం మళ్లీ బియ్యం అవ్వక్కర్లేదు కదా, ఇది మాత్రం ఛార్జి దిగిన ప్రతిసారీ ముడుచుకోవాలి! ముడుచుకుని, ఉబ్బి, చివరికి పొడై, దాన్ని పూసిన లోహపు రేకు నుంచి ఊడిపోతుంది.

పైగా దీనికి తేమ పడదు. దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు నింపిన గాజు పెట్టెలో, పది లక్షల్లో ఒక వంతు కంటే తక్కువ తేమలో, మందపాటి రబ్బరు గ్లవ్స్‌లోంచి చేతులు పెట్టి పనిచేయాలి. కాలవ నీళ్లలో పెరిగినవాణ్ణి, నాకు వచ్చిన ఉద్యోగం చూడండి. ఆ మధ్య గ్లవ్‌కి సూదిమొనంత చిల్లి పడింది, ఎవరూ చూడలేదు, మూడు వారాలు కష్టపడి చేసిన పొడి పొద్దున్నకి పాడైపోయింది. డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే పూతరేకులు మెత్తబడతాయని అమ్మ ఊరికే అనదు.

సోడియం లిథియం కంటే బరువు, కార్లకి ఇబ్బందేమో అని నేను నసుగుతుంటే బావ నవ్వాడు. "గట్టు మీద పెట్టేదానికి బరువుతో పనేంటిరా, చవగ్గా వస్తే చాలు." నిజమే, ఈ ముక్క మా మీటింగుల్లో చెప్పాలనిపించింది.

పోయిన ఆదివారం మళ్లీ ఫోన్ చేశాడు. నేను చేసిన బ్యాటరీ వంద సార్లు ఛార్జి ఎక్కి దిగాక నీరసించిందని చెప్పాను.

"రాత్రికోసారి లెక్కన వంద రాత్రులు. ఒక పంట గట్టెక్కుద్ది," అని కాసేపాగి, "మరి రెండో పంటకి?" అన్నాడు.

ఇంకా డీజిలే బావా, అన్నాను.