జోలె కాదమ్మా, చంక

పాప పుట్టిన మూడో వారం. లెస్టర్‌లో నవంబరు చలి. పురుడు చూడ్డానికి అమ్మ ఆరు నెలల వీసా మీద గుంటూరు నుంచి వచ్చింది. నేను పాపను స్లింగ్‌లో, అంటే బిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డలో, కట్టుకుని గుమ్మం దాటబోతుంటే అడ్డుపడింది.

"పసిగుడ్డును జోలెలో వేసుకుని వీధులెంట తిరుగుతావా, అడుక్కునేవాళ్ళలాగా? అయినా ఇంకా మెడన్నా నిలవలేదు కదే!"

మొదటి మాటకు నాకు కోపం ముంచుకొచ్చింది. మా ఊరికి మిరపకోతలకు వచ్చే తల్లులు పిల్లల్ని పాతచీరతో ఒంటికి కట్టుకునే పని చేసేవాళ్ళు. వాళ్ళను చిన్నచూపు చూసే మాట మా ఇంట్లో వినపడటం నాకు నచ్చలేదు. ఆ కోపంలో రెండో మాట చెవికెక్కలేదు. ఎక్కాల్సింది అదే.

రెండ్రోజుల తర్వాత ఇద్దరం కూరగాయలు తెచ్చుకుని వస్తున్నాం. పాపకు ఊపిరాడాలని గుడ్డను కాస్త వదులుగా కట్టాను. దారిలో అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. "ఆ చప్పుడేంటే?" సన్నటి గురకలాంటి చప్పుడు. గుడ్డ పక్కకు లాగి చూస్తే పాప కిందికి జారి ముడుచుకుపోయి ఉంది, గడ్డం ఛాతీకి అంటుకుపోయింది. గబుక్కున పైకి తీసి తల నిలబెట్టాను. ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాక రోడ్డు పక్క గోడకు ఆనుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

వదులుగా కడితే గాలాడుతుందనుకున్నాను. జరిగేది సరిగ్గా తలకిందులు. పసివాళ్ళకు తల బరువు, మెడకు బలం ఉండదు, ఊపిరిగొట్టం సన్నం. తల ముందుకు వాలితే ఆ దారి మూసుకుపోతుంది, ఏడ్చి చెప్పడానికి కూడా గాలి ఉండదు. అమెరికాలో వినియోగదారుల భద్రతా సంస్థ 2010లో హెచ్చరిక ఇచ్చినప్పుడు, ఇరవయ్యేళ్ళలో స్లింగ్‌లతో ముడిపడిన 14 మరణాలను గుర్తించింది. వాటిలో 12 నాలుగు నెలలు నిండనివాళ్ళవే. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా, జలుబు చేసినా డాక్టరును అడక్కుండా కట్టుకోవద్దు.

ఆ వారమే దగ్గర్లోని స్లింగ్ లైబ్రరీకి వెళ్ళాం. పుస్తకాల్లాగే స్లింగ్‌లు అద్దెకిస్తారక్కడ. ఒకావిడ బరువు నింపిన బొమ్మతో కట్టడం నేర్పింది. గట్టిగా, ఒంటికి హత్తుకునేలా కట్టాలి. గుడ్డ పక్కకు తీయకుండానే పాప మొహం కనబడాలి, తల వంచితే నుదుటికి ముద్దు అందాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య కనీసం ఒక వేలు దూరాలి. వీపుకు ఆసరా ఉండాలి. సంచీలా వేలాడుతూ పాప అడ్డంగా మునిగిపోయే రకం అసలు కొనొద్దంది. స్లింగ్‌లోనే పాలిస్తే, అవగానే మళ్ళీ నిలువుగా పైకి తేవాలి. నేను రింగ్ స్లింగ్, అంటే గుడ్డను రెండు రింగుల్లోంచి లాగి బిగించేది, తీసుకున్నాను. కట్టుకునే ప్రతిసారీ రింగులకు పగులు గానీ వచ్చిందేమో, కుట్లు వదిలాయేమో తడిమి చూస్తాను.

చలికి పాపకు మందపాటి కోటు తొడగను. మామూలు బట్టలేసి, నా కోటు ఇద్దరి మీదుగా కప్పుకుంటాను, మొహం బయట పెట్టి. పొయ్యి దగ్గర మాత్రం అస్సలు వద్దు. తాలింపు చిటపటలు ఎటు ఎగురుతాయో తెలీదు. కారెక్కితే కార్‌సీటే.

అయిదో నెలకు పాప మెడ నిలిచింది. ఏప్రిల్లో ఒకరోజు అమ్మే అడిగింది, "ఏదీ, నాకు కట్టు." పాపను పక్కకు, నడుం మీదికి కట్టాను. మోకాళ్ళు పిర్రల కంటే కాస్త ఎత్తున, కాళ్ళు కప్పలా విడదీసి. పసివాళ్ళ తుంటికీళ్ళకు అదే మంచిది. అమ్మ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"ఇది చంకనెత్తుకోవడమే కదే!"

"జోలె కాదమ్మా, చంకే" అన్నాను.

అమ్మ సమాధానం చెప్పలేదు. పాప గడ్డం కింద వేలు పెట్టి చూసి, చెప్పులేసుకుని పార్కుకు బయల్దేరింది.