ఆ కుండ ఎక్కడ దొరికింది?

తవ్వకాల్లో ఏదైనా బయటపడిందని వార్త వస్తే మా ఫ్యామిలీ గ్రూపులో ముందు అడిగేది ఎన్ని కోట్లు చేస్తుందనే. నాకేమో అది ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో తెలుసుకోవాలని ఉంటుంది.

2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో ఒక మట్టికుండ దొరికింది, అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు నాలుగు చివర్లా సున్నాలు). శాతవాహనుల తర్వాత ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల కాలం నాటివన్నారు. సీసమే కాబట్టి కరిగిస్తే ఏమీ రాదు. కానీ అంత చిల్లర డబ్బు భిక్షువులుండే కొండ మీదికి ఎలా చేరింది, దానంగా వచ్చిందా, బాటసారి వ్యాపారులు దాచుకున్నారా, పూడ్చినవాళ్లు మళ్లీ ఎందుకు తీసుకోలేదు? ఇవన్నీ అడగగలుగుతున్నామంటే కుండని పద్ధతిగా తవ్వి తీశారు కాబట్టే. అదే ఏ జేసీబీకో తగిలి, నాణేలు తలా కొన్ని పంచుకుని ఉంటే, విడి నాణెం చూసి మహా అయితే ఏ వంశానిదో చెప్పగలం, అంతే.

ఇవన్నీ ఎక్కడో ఊళ్లలో జరిగేవని హైదరాబాద్‌లో చాలామంది అనుకుంటారు. చైతన్యపురిలో మూసీ ఒడ్డున బండ మీద విష్ణుకుండిన రాజుల కాలపు ప్రాకృత శాసనం ఉంది, గోవిందరాజ విహారం అనే బౌద్ధ భిక్షువుల నివాసం పేరు అందులో కనిపిస్తుంది. మెట్రో దిగి ఆటోలో వెళ్లొచ్చు, తప్పకుండా చూడండి. హష్మత్‌పేటలో, మౌలాలిలో ఇనుపయుగపు సమాధులున్నాయి. నిజాం ప్రభుత్వం 1914లోనే పురావస్తు శాఖ పెట్టి గులాం యాజ్దానీకి అప్పగించింది, మౌలాలి సమాధుల్ని అప్పట్లోనే తవ్వి చూశారు కూడా. ఇప్పుడు చుట్టూ ఇళ్లే. పునాదులు తీసినప్పుడు మట్టితో పాటు ఎన్ని కుండపెంకులు లారీలెక్కి పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువ చేసే వస్తువు దొరికితే కలెక్టర్‌కి తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. పని ఆగిపోతుందని చాలామంది చెప్పరు. లోను తీసుకుని ఇల్లు కట్టుకునేవాళ్లకి నెల ఆలస్యమైనా టెన్షనే, అది నిజమే. అయినా చెప్పండి. కదిలించకముందే పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి, గొయ్యి మొత్తం కనిపించేలా ఇంకొకటి. కుండ దొరికితే మాత్రం దయచేసి కడగొద్దు, లోపలి మట్టిలో ఒక మాడిన గింజో బొగ్గుముక్కో ఉన్నా కార్బన్ పరీక్షతో దాని కాలం తేల్చవచ్చు.