అమ్మమ్మ చూసే ఖాతా, చూడని ఖాతా

టీనేజీ పిల్లల గురించీ సోషల్ మీడియా గురించీ వచ్చే నవలల్లో చాలావాటికి కథ ఒకటే. అమ్మాయి ఒక ఫొటో పెడుతుంది. అది ఊరంతా పాకుతుంది. బడిలో నవ్వుతారు, అమ్మాయి కుంగిపోతుంది, ఇంట్లో తెలుస్తుంది. చివరికి యాప్ తీసేసి, చెట్లూ పిట్టలూ చూస్తూ తేరుకుంటుంది. రాసినవారికి ఫోనంటే ఉన్న భయం ప్రతి పేజీలోనూ తెలిసిపోతూ ఉంటుంది. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు. నీతిబోధ మొదలైందని పదో పేజీకే పుస్తకం మూసేసి ఫోను చేతిలోకి తీసుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేం.

నేను పరాయి దేశంలో ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న తండ్రిని. వాళ్ల ఈడు పిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. రాస్తున్నది ఇంగ్లిషులోనే. ఇక్కడ పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికి ఎక్కుతుంది గాని కంటికి ఎక్కదు. ఆ దిగులు ఇంకోసారి చెప్పుకుందాం. రాయడం మొదలుపెట్టాక నాకు స్పష్టమైన సంగతి ఒకటుంది. మన ఇళ్లలో పెరిగే పిల్ల కథలో విలన్ ఫోను కాదు. తనను ఎవరు చూస్తున్నారన్నదే ఆ పిల్లకు అసలు సమస్య.

ఆ సమస్య ఫోను కంటే చాలా ముందే మొదలవుతుంది. ఇంట్లో ఒక గొంతు, బడిలో ఒక గొంతు, వీడియో కాల్‌లో అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు మూడో గొంతు. కాల్ కలిసేలోపే చేతుల్లేని చొక్కా మీద స్వెట్టర్ తగిలించుకుని, చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుని, "బాగున్నారా అమ్మమ్మా" అనడం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. దీన్ని నటన అనేవాళ్లున్నారు. నాకు మాత్రం అది తెలివీ, కొంత ప్రేమా అనిపిస్తుంది. అలాంటి పిల్ల రెండు ఖాతాలు తెరిస్తే ఆశ్చర్యమెందుకు? ఒకటి బంధువులు చూసేది: బహుమతులు, కొత్త బట్టలు, కుటుంబంతో నవ్వుతున్న ఫొటోలు. రెండోది పదిమంది స్నేహితులకే. అందులో ఏడ్చి ఉబ్బిన ముఖం, పిచ్చి జోకులు, అమ్మానాన్నల మీద ఫిర్యాదులు. ఇలాంటి రెండో ఖాతాకు ఫిన్‌స్టా, అంటే ఫేక్ ఇన్‌స్టాగ్రామ్, అని పేరు పెట్టింది కూడా పిల్లలే.

నా నవలలో ఈ రెండో ఖాతా బయటపడుతుంది. బయటపెట్టింది శత్రువు కాదు, స్వదేశంలో ఉన్న పిన్ని కూతురు. ఇద్దరిదీ ఒకే వయసు. కథానాయిక ఇంగ్లిషంటే ఆ చెల్లెలికి కొంచెం అసూయ, చెల్లెలి తెలుగంటే కథానాయికకు కొంచెం అసూయ. చెల్లెలు ఆ ఖాతాలోంచి ఒక స్క్రీన్‌షాట్ తీసి నవ్వుకోవడానికని కుటుంబం గ్రూపులో పడేస్తుంది. బడిలో వేధించే పిల్లల గురించి ఇప్పటికే చాలా పుస్తకాలున్నాయి. ప్రేమగా చూసే చెల్లెలి చేతిలో పరువు పోవడం గురించి లేవు, కనీసం నా కంట పడలేదు.

ఆ రాత్రి అధ్యాయం రాయడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. పూర్వం కథల్లో ఉత్తరం ఆలస్యమైతే కథ నడిచేది. ఇప్పుడు ఉత్తరం క్షణంలో చేరుతుంది కాబట్టి, చేరాక వచ్చే మౌనంతో నడపాలి. వాట్సాప్‌లో నీలం టిక్కులు 2014లో వచ్చాయి. చదివిన సంగతి అవతలివారికి తెలియకుండా సెట్టింగ్ మార్చుకోవచ్చు గాని, గ్రూపుల్లో ఆ దాపరికం చెల్లదు. ఇక్కడ అర్ధరాత్రి దాటింది, అక్కడ మిట్టమధ్యాహ్నం, అంటే గ్రూపు మంచి ఊపులో ఉండే వేళ. కథానాయిక దుప్పటి కింద "అది సరదాకి పెట్టింది" అని ఒక ముక్క పంపుతుంది. తర్వాత తన సందేశాన్నే నొక్కి పట్టుకుని, ఎవరెవరు చదివారో చూస్తుంది. పెద్దత్త చదివింది. బాబాయి చదివాడు. నిమిషం తేడాతో ఇంకో ఇద్దరు. ఒక్కరూ బదులివ్వరు. అమ్మమ్మ పేరు మాత్రం ఇంకా 'చేరింది' కిందే ఉంది. చెల్లెలు కంగారుపడి స్క్రీన్‌షాట్ తీసేస్తుంది. తీసేసినట్టు గుర్తు మిగిలిపోతుంది కదా, ఇక అప్పటిదాకా గ్రూపు తెరవని మామయ్యలు కూడా వచ్చి "ఏమిటమ్మా తీసేశావు?" అని అడగడం మొదలుపెడతారు.

మా పెద్దమ్మాయి ఈ అధ్యాయం చదివి నవ్వింది. అక్కడ నవ్వు రావాలనే నా కోరిక. అవమానాన్ని మొదటి నుంచి చివరిదాకా విషాదంగా రాస్తే పిల్లలు నమ్మరు.

కథానాయిక వయసు తేల్చేటప్పుడు చట్టాలు తిరగేయాల్సి వచ్చింది. అమెరికా 1998లో చేసిన పిల్లల ఆన్‌లైన్ గోప్యతా చట్టం, పదమూడేళ్ల లోపు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించవద్దంది. ప్రపంచమంతటా చాలా యాప్‌లకు 13 కనీస వయసు కావడానికి మూలం అదే. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి దాన్ని 16కు పెంచింది. ఆ చట్టంలో శిక్ష పిల్లలకు లేదు, పెద్దలకూ లేదు. కంపెనీలకే గరిష్ఠంగా 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా. నవలాకారుడికి ఇందులో పనికొచ్చేది జరిమానా కాదు, పుట్టిన సంవత్సరం అడిగే ఆ చిన్న గడి. నా కథానాయిక పదకొండేళ్లప్పుడు ఆ గడిలో మూడేళ్లు ఎక్కువ వయసు వేసింది. పక్కన కూర్చుని వేయించింది వాళ్ల నాన్నే, బంధువుల ఫొటోలు చూస్తుందిలే అని. పదిహేనేళ్లొచ్చేసరికి యాప్ లెక్కల్లో ఆమెకు పద్దెనిమిది నిండాయి. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీనేజీ పిల్లల ఖాతాలను వాటంతటవే ప్రైవేటు చేసే ఏర్పాటు తెచ్చింది. లెక్కల్లో పెద్దదైపోయిన ఈ పిల్లకు అది వర్తించదు. ముక్కూ ముఖం తెలియనివాళ్ల సందేశాలు రావడం మొదలవుతుంది. అబద్ధం ఇంట్లోనే, అదీ ప్రేమతోనే మొదలైంది కాబట్టి, తండ్రి కోప్పడబోయి ఆగిపోవాలి. ఆ ఆగిపోవడం నాకు ఇష్టమైన చోటు.

యాప్‌ల పేర్లు మాత్రం నవలలో ఎక్కడా పెట్టడం లేదు. వైన్ అనే వీడియోల యాప్ ఒకప్పుడు పిల్లల ప్రపంచం. 2017 జనవరికల్లా అది మూతపడింది. మ్యూజికల్లీ 2018లో టిక్‌టాక్‌లో కలిసిపోయింది. పుస్తకం రాసి, అచ్చుకెళ్లి, పాఠకుడి చేతికొచ్చేలోపు యాప్ ముసలిదైపోతుంది. పిల్లల యాస కూడా అంతే, ఇంకా త్వరగా. బొటనవేలు పైకి జరపడం, పంపబోయి చెరిపేయడం, అవతల టైప్ చేస్తున్న చుక్కలు కనిపించి మాయమవడం, ఇవి రాస్తే చాలు.

ఇంకో చిన్న ఆయుధం చుక్క. ఫుల్‌స్టాప్‌తో ముగిసిన చిన్న జవాబులు తక్కువ చిత్తశుద్ధితో ఉన్నట్టు అనిపిస్తాయని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చెప్పారు. ఈ మాట మా పిల్లలకు ఏ పరిశోధనా లేకుండానే తెలుసు. నా నవలలో తల్లి బడిలో నేర్పినట్టు ప్రతి వాక్యానికీ చుక్క పెడుతుంది. "సరే." "తిన్నావా." "త్వరగా రా." కూతురు ప్రతి చుక్కలోనూ కోపం చదువుతుంది. నూట ఇరవై పేజీలు ఇద్దరూ ఈ సంగతి ఎత్తరు.

ఫోను విలన్ కాదన్నానని కంపెనీలకు నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఇన్‌స్టాగ్రామ్ కొందరు అమ్మాయిల్లో తమ శరీరం మీద చిన్నచూపు పెంచుతోందని సంస్థ సొంత పరిశోధనే చెప్పిందని 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాలతో లోకానికి తెలిసింది. దాన్ని ఉపన్యాసం చేయకుండా కథలో ఎలా పెట్టాలి? కథానాయిక ఒంటిరంగు గురించిన వీడియో ఒకటి చూస్తుంది. లైక్ కొట్టదు, ఎవరికీ పంపదు, రెండు క్షణాలు ఎక్కువ ఆగుతుంది, అంతే. ఆ వారమంతా ఆమె తెరమీదికి క్రీములు, ఫిల్టర్లు, తెల్లబడిన ముఖాలు వస్తూనే ఉంటాయి. ఇంట్లో ఏ అత్తయ్యా అనని మాట తెర రోజుకు వందసార్లు అంటుంది. దాని మీద నేను ఒక్క వ్యాఖ్య కూడా రాయలేదు.

నా పిల్లల ఫోన్లలోంచి ఒక్క వాక్యం కూడా తీసుకోకూడదని మొదటే నియమం పెట్టుకున్నాను. మన తరం తల్లిదండ్రులం పిల్లలకు మాటలు రాకముందే వాళ్ల ఫొటోలు లోకానికి పంచినవాళ్లం. నవలలో కథానాయిక అవన్నీ ఒక సాయంత్రం కూర్చుని చూస్తుంది. "నన్ను అడిగావా?" అంటుంది తల్లిని. "నీకప్పుడు మాటలే రావు కదే" అంటుంది తల్లి. ఆమె జవాబును అక్కడితో వదిలేశాను, ఎందుకంటే ఇద్దరి మాటా నిజమే.

ముగింపు దగ్గరే నాకూ పెద్దమ్మాయికీ తగువు. ఖాతా తీసేయించనని నేను గట్టిగానే ఉన్నాను. అందులో ఇద్దరికీ ఒకే మాట. కానీ చివరి అధ్యాయంలో అమ్మమ్మ ఆ స్క్రీన్‌షాట్ గురించి మనవరాలిని ఏమీ అడగకుండా, "ఆ రెండోదాంట్లో నన్ను కూడా చేర్చుకో" అంటుంది. మనవరాలు ఒక రోజంతా ఆలోచించి చేర్చుకుంటుంది. "నాన్నా, ఏ పిల్లా ఆ పని చేయదు" అని మా అమ్మాయి వాదన. ఒక పిల్ల చేస్తే చాలు, నవలకు అంతకంటే అక్కర్లేదని నాది. ఇప్పటికైతే అమ్మమ్మను ఖాతాలోనే ఉంచాను.